అత్తాకోడళ్ల సన్న కీబోర్డు

మా వదిన తక్కువ మాట్లాడుతుంది. పగలంతా ఇతరుల మాటలు మోసి మోసి, ఇంటికొచ్చేసరికి ఆమెకు సొంత మాటలు మిగలవని మా అన్నయ్య అంటాడు. ఆమె పని అలాంటిది. కాలేజీలో వినికిడి లేని ఒక అమ్మాయి పక్కన కూర్చుని, మాస్టారు పాఠం చెబుతుంటే ఆ మాటలను అప్పటికప్పుడు టైపు చేస్తుంది. ఆ అమ్మాయి ముందున్న చిన్న తెర మీద అక్షరాలు పరుగెడుతుంటాయి. మాస్టారు మధ్యలో తుమ్మితే "తుమ్ము" అని కూడా పడుతుంది.

ఆ పని ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది. అంతకుముందు అదే కాలేజీ ఆఫీసులో టైపిస్టుగా ఉండేది. పెళ్లికి ముందు ఒక ప్రింటింగు ప్రెస్సులో పనిచేసింది కాబట్టి టైపింగు ఆమెకు కొట్టిన పిండి. ఒకరోజు భూగర్భశాస్త్రం చదివే అమ్మాయి ఒకతె వచ్చి, కాలేజీ మానేస్తాను, పేరు తీసేయమని అడిగింది. ఎందుకని అడిగితే చెప్పింది. ఆమె ఎదుటివాళ్ల పెదాల కదలిక చూసి మాటలు పట్టుకుంటుంది. కానీ రాళ్ల మాస్టారు క్లాసు వైపు వీపు తిప్పి, బోర్డుతో మాట్లాడతారు. ఆయన వీపులో పెదాలు లేవు కదా అంది.

ఆ మాటకు మా వదిన నవ్విందట. పేరు తీసేయడానికి రేపు రా అని చెప్పి పంపించి, మర్నాడు ఆ అమ్మాయి వచ్చేసరికి ఆఫీసు లాప్‌టాప్ చంకన పెట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ కలిసి క్లాసుకు వెళ్లి మొదటి బల్ల దగ్గర కూర్చున్నారు. ఎవరిని అడిగి వెళ్లావని ప్రిన్సిపాల్ కొన్నాళ్లు చిరచిరలాడారు. పరీక్షల్లో ఆ అమ్మాయి క్లాసులో అందరికంటే ముందు నిలిచాక, ఆయనే ఆ పనిని ఉద్యోగంగా మార్చారు.

వదినకు అప్పట్లో లాప్‌టాప్‌కు తగిలించుకునే పాత మెకానికల్ కీబోర్డు, అంటే ప్రతి మీట కింద స్ప్రింగు ఉండేది, ఒకటి ఉండేది. ఇటుకంత ఎత్తు, ఇటుకంత బరువు. మా అన్నయ్య లిఫ్టు మెకానిక్. ఒక పాత ఆఫీసు భవనంలో లిఫ్టు బాగుచేస్తే, అక్కడివాళ్లు పారేయబోతున్న సామాన్లలోంచి దాన్ని తెచ్చి, మీటలన్నీ ఊడదీసి కడిగి, బిగించి ఇచ్చాడు. దాని మీద వదిన టైపు చేస్తే రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు ఉండేది. ఇంట్లో ఆ మోత వినబడితే మా అన్నయ్య, "అత్త మీద కోపం కీబోర్డు మీద చూపిస్తోంది" అనేవాడు. అది విని మా అమ్మ, "నా మీద కోపముంటే నా మీదే చూపించమను, పాపం దాన్నెందుకు కొట్టడం?" అనేది. నిజానికి వాళ్లిద్దరికీ ఒకరి మీద ఒకరికి కోపం వచ్చిన రోజులు తక్కువే. వచ్చినా ఇద్దరూ వంట మానేసి మా అన్నయ్య చేత చేయించేవాళ్లు, దాంతో నష్టపోయేది మేమే.

ఆ మోతే చివరికి ఆమెకు తంటా తెచ్చింది. ఒకరోజు క్లాసు అయిపోయాక రాళ్ల మాస్టారు ఆమెను వరండాలో ఆపారు. ఆయన మాట్లాడాలా వద్దా అని చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారట. చివరికి జుట్టు పక్కకు తీసి చెవి చూపించారు. లోపల గింజంత వినికిడి యంత్రం ఉంది. అది మనుషుల మాటలకంటే టకటక శబ్దాలనే ముందు పట్టుకుంటుందట. మొదటి బల్ల దగ్గర ఆమె టైపు చేస్తుంటే ఆయన చెవిలో ఎవరో మేకులు దిగ్గొడుతున్నట్టు ఉంటోందట. అందుకే ఆయన రోజురోజుకీ బోర్డు వైపు ఇంకా తిరిగిపోతున్నారు.

"మీరు మానేయాలని కాదమ్మా," అన్నారు ఆయన. "ఆ పిల్ల చదువు ఆగకూడదు. నాకు కూడా ఇంకో రెండేళ్లు పాఠం చెప్పాలని ఉంది. ఈ సంగతి మాత్రం ఎవరికీ తెలియనివ్వకండి."

వదిన ఇంటికొచ్చి ఈ సంగతి మా అమ్మకు, నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అన్నయ్యకు కూడా చాన్నాళ్ల తర్వాతే తెలిసింది. అప్పటికే ఆమెకు ఇంకో బాధ ఉంది. ఎత్తు కీబోర్డు మీద చేతులు వంచి వంచి కుడి మణికట్టు లాగుతోంది. నేను మందుల షాపులో పనిచేస్తాను, రాసుకునే మందులు మార్చి మార్చి తెచ్చాను. రాస్తే చల్లగా ఉండేది, పొద్దున లేచేసరికి నొప్పి మళ్లీ ఎక్కడిదక్కడే.

ముందు లాప్‌టాప్ మీటలతోనే నెట్టుకొద్దామని చూసింది. శబ్దం లేదు, ఎత్తూ లేదు. కానీ ఆ మీటలు గాజుపలక మీద వేలితో రాసినట్టు ఉన్నాయి. అక్షరం పడిందో లేదో వేలికి తెలియదు, తెర చూస్తేనే తెలుస్తుంది. మాస్టారు మాట్లాడుతుండగా తెర చూసుకుంటూ కూర్చుంటే వెనకబడిపోతుంది. వినేది చెవి, కొట్టేది వేలు, వీటి మధ్య కంటికి పని పెట్టకూడదు అనేది ఆమె పద్ధతి.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. యజమాని చొక్కా జేబులో ఎప్పుడూ స్క్రూలు గలగలలాడుతుంటాయి కాబట్టి అందరూ ఆయన్ను స్క్రూల బాబాయ్ అంటారు. వదిన వెళ్లి తనకు ఏం కావాలో చెప్పింది. పాతదానిలా వేలికి తెలియాలి, దానిలా అరవకూడదు, చేయి వంచకుండా బల్ల మీద పరచుకోవాలి, సంచిలో వేసుకుంటే భుజం లాగకూడదు. బాబాయ్ అంతా విని, పెళ్లికొడుకు కోసం వచ్చారా, కీబోర్డు కోసం వచ్చారా అని నవ్వాడు. తర్వాత లోపలికి వెళ్లి ఒక పలచని పెట్టె తెచ్చాడు.

పెట్టె తెరిస్తే అట్టపలకలాంటిది ఉంది. మెకానికల్ కీబోర్డే. ప్రతి మీట కింద సొంత స్ప్రింగు ఉంది, కానీ ఆ స్ప్రింగులన్నీ పొట్టివి. మీటలు కూడా పలచని బిళ్లల్లా ఉన్నాయి. పక్కన ఉండే అంకెల మీటల గడి తీసేశారు. పైపలక లోహంతో చేశారు, రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టినా వంగలేదు. వైరుతోనూ, వైరు లేకుండానూ పనిచేస్తుంది. ఈ మధ్యే వచ్చిందని, ఇక్కడ ఎవరూ ఇంకా వాడలేదని బాబాయ్ చెప్పాడు. సెలవులు ఇచ్చేదాకా ఉంచుకుని వాడి చూడమన్నాడు. దానికి బదులుగా, ఎలా ఉందో తన షాపు వీడియోలో చెప్పాలి. బాగుందని చెబితే చాలన్నాడు.

"బాగుంటే బాగుందంటాను," అంది వదిన. "బాగోకపోతే అదీ చెబుతాను. రెండూ వేస్తానంటేనే తీసుకెళతాను."

బాబాయ్ జేబులో స్క్రూలు గలగలలాడించి, సరేనన్నాడు.

మర్నాడు క్లాసులో దాని మీద టైపు చేయడం మొదలుపెట్టింది. శబ్దం బాగా తగ్గింది, మాస్టారు కూడా చాలా రోజుల తర్వాత క్లాసు వైపు తిరిగి నిలబడ్డారు. కానీ అక్షరాలు నాశనమైపోయాయి. పాత కీబోర్డు మీద వేళ్లు లోతుకు దిగి లేవడానికి అలవాటుపడ్డాయి. ఇక్కడ లోతు లేదు. వేలు ఊరికే ఆనించినా అక్షరం పడిపోతోంది, నొక్కాల్సిన చోట జారిపోతోంది. ఒత్తు పెట్టే మీట మాటిమాటికీ తప్పిపోయింది. "గట్టి మట్టి" అని మాస్టారంటే తెర మీద "గటటి మటటి" అని పడింది. "పగుళ్లు" "పగుళలు" అయ్యాయి. ఆ అమ్మాయి కాసేపు ఓపిక పట్టి చూసి, తర్వాత నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. క్లాసయ్యాక, ఈరోజు రాళ్లకు ఒత్తులెందుకు ఊడిపోయాయక్కా అని అడిగింది.

వదిన ఇంటికొచ్చి సంచి బల్ల మీద పెట్టింది. విసిరేయలేదు, ఆమె వస్తువులు విసిరే మనిషి కాదు. రేపు తిరిగిచ్చేస్తానని మాత్రం అంది. అప్పుడు మా అమ్మ, ఇచ్చేముందు నన్ను ఒకసారి చూడనీ అంది.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. ఆమె ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. రిటైరైన ఏడాదే తడి మెట్ల మీద జారిపడి ఎడమ చేయి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక వేళ్లు మొద్దుబారాయి, రోజూ కదపాలని డాక్టర్లు చెప్పారు. రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే, నేనేం పసిపిల్లనా అని దాన్ని బీరువా మీదికి గిరాటేసింది. అప్పుడు వదిన కంప్యూటర్లో ఒక ఆట పెట్టి ఇచ్చింది. అందులో రెండు జట్లు కొట్టుకుంటాయి. ప్రతి జట్టులో తుపాకులు పేల్చేవాళ్లతో పాటు, గాయపడ్డవాళ్లకు వైద్యం చేసేవాళ్లు ఒకరుంటారు. మా అమ్మ అదే ఎంచుకుంది. ఎడమ చేతి వేళ్లతో నడవాలి, పరుగెత్తాలి, దాక్కోవాలి, సమయానికి మందు విసరాలి. మొదట్లో వేలు కదలక ఏడ్చినంత పని చేసింది. తర్వాత ఆ ఆటే ఆమెకు డ్యూటీ అయిపోయింది. సాయంకాలం టీ తాగి, తల దువ్వుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటుంది. ఎక్కడెక్కడివాళ్లో ఆమె జట్టులో ఉంటారు, అందరూ ఆమెను సిస్టర్ అంటారు. ఎవరైనా దూకుడుగా ముందుకు ఉరికితే, "రక్తం కారుతుంటే హీరో వేషాలేంటి, వెనక్కి వచ్చి కూర్చో" అని గదమాయిస్తుంది. వాళ్లు కిక్కురుమనకుండా వెనక్కి వస్తారు.

ఆ సాయంకాలం మా అమ్మ సన్న కీబోర్డును తన కంప్యూటరుకు తగిలించుకుని ఆడటానికి కూర్చుంది. మేం వంటగదిలో ఉన్నాం. కాసేపటికి ఆమె గొంతులో హుషారు వినిపించింది. ఆ రోజు ఆమె జట్టులో ఒక్కడూ చావలేదు. ఆట అయ్యాక కుర్చీ వెనక్కి తిప్పి, ఇది నేనివ్వను అంది. వదిన తెల్లబోయింది. తనకు నరకం చూపించిన వస్తువు అత్తకు అంత సులువుగా ఎలా లొంగిందో ఆమెకు అంతుపట్టలేదు. మళ్లీ ఒక ఆట ఆడమని చెప్పి, ఈసారి తెర వైపు కాకుండా అత్త వేళ్ల వైపు చూస్తూ పక్కన కూర్చుంది.

మా అమ్మ వేళ్లు మీటల మీద నిద్రపోతున్నట్టు ఉన్నాయి. అవసరమైనప్పుడు మాత్రం కొద్దిగా కదిలి ఊరుకుంటున్నాయి. విరిగి అతికిన చేయి కాబట్టి ఆమె ఎప్పుడూ బలం పెట్టి నొక్కలేదు, ఇక్కడ అదే కలిసొచ్చింది.

"ఇది సగం దూరంలోనే మాట వింటుందమ్మాయ్," అంది మా అమ్మ. "అడుగుదాకా దిగాల్సిన పనే లేదు. నువ్వేమో బోరుబావి తవ్వుతున్నట్టు తవ్వుతావు."

తర్వాత వదిన ముంజేయి పట్టుకుని, టైపు చెయ్యమని చెప్పి, కండరాలు తడిమి చూసింది. ఏళ్ల తరబడి సూదులేసిన చేయి కదా, ఎక్కడ బిగుసుకుంటుందో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. మణికట్టు నొప్పికి మూలం మణికట్టులో లేదని, మోచేతి దగ్గర బిగపట్టుకుంటున్నావని చెప్పింది. ఆ బిగువు ఉన్నంతకాలం ఏ కీబోర్డూ నిన్ను బాగుచేయలేదంది.

కీబోర్డును తిరిగిచ్చే మాట ఆ రోజుతో ఆగిపోయింది. రోజూ ఆటకు ముందు కొంతసేపు అత్త పాత పత్రికలు చదవడం, కోడలు టైపు చేయడం మొదలైంది. మా అమ్మ వార్తల్ని ఆసుపత్రిలో రోగుల పేర్లు పిలిచినట్టు గట్టిగా చదివేది. వదిన చేయి బిగుసుకుంటే చదవడం ఆపి, ముంజేతి మీద రెండు వేళ్లతో తట్టేది. ఆమె మళ్లీ వదులు చేసుకునేది. ఇంతా చేసి మొదట్లో ఏమీ మారినట్టు కనబడలేదు. వదిన ఓపికగా ఒక్కో తప్పూ ఎందుకొస్తోందో వెతికింది. కొన్ని తప్పులు తన వేళ్లవి, కొన్ని కీబోర్డువి. ఉంగరపు వేలు విశ్రాంతిగా ఆనినప్పుడు అక్షరం పడిపోతుంటే, వేళ్లను గాల్లో ఎత్తి బిగబట్టకుండా, మీటల అంచున మాత్రమే ఆనించుకోవడం నేర్చుకుంది. కింది వరసలో మీటలు దగ్గరదగ్గరగా ఉండి చిటికెనవేలు తడబడుతుంటే, అది మాత్రం తన తప్పు కాదంది.

ఒకరోజు మా అమ్మ చదవడం ఆపేసినా టైపు చేస్తున్న సవ్వడి ఆగలేదు. చూస్తే వదిన పక్కింటి రేడియోలో వస్తున్న మాటల్ని కళ్లు మూసుకుని కొడుతోంది. తెర మీద ఒత్తులన్నీ ఉన్నాయి. పాత కీబోర్డు మీద కంటే కూడా వేగంగా ఉంది. వేలు ప్రయాణించే దూరం తగ్గింది కదా, ఒకసారి అలవాటయ్యాక ఆ మిగిలిన దూరమంతా లాభమే అని నాకు చెప్పింది. శబ్దం కూడా మెత్తగా, చేతిలో వేరుశనక్కాయలు ఒలుస్తున్నట్టు ఉంది. నిజం చెప్పాలంటే ఆ వస్తువును చూస్తుంటే నాకే ముచ్చటేసింది. నాకు టైపింగు రాకపోయినా వెళ్లి నాలుగు మీటలు నొక్కి వచ్చాను.

వైరు సంగతి కూడా పట్టుకున్నది మా అమ్మే. వైరు లేకుండా ఆడుతుంటే ఒక్కోసారి తను విసిరిన మందు ఒక రెప్పపాటు ఆలస్యంగా వెళుతోందని, ఆ రెప్పపాటులో మనుషులు పోతున్నారని ఫిర్యాదు చేసింది. అన్నయ్య అది నీ వయసు ఆలస్యమేమో అని ఆటపట్టించాడు. వదిన నవ్వలేదు. ఇంట్లో ఉన్న కొద్దిపాటి ఫోన్ల మధ్యే ఇలా ఉంటే, నిండా జనమున్న హాల్లో ఎలా ఉంటుందని ఆలోచించింది. కాలేజీ పెద్ద హాల్లో ఏదో సమావేశం జరుగుతుంటే వెనక వరసలో కూర్చుని పరీక్షించింది. అక్షరాలు ఆగి ఆగి, తర్వాత గుంపుగా వచ్చి పడ్డాయి. ఆ రోజునుంచి సంచిలో వైరు లేకుండా గడప దాటలేదు.

ఆ ముందుచూపు చివరి ఏడాది పరీక్షలో అక్కరకొచ్చింది. ఆ అమ్మాయి ఒక కొండవాలు ఎందుకు జారిపోతోందో పరిశోధన చేసింది. దాన్ని హాల్లో అందరి ముందూ వివరించి, బయటినుంచి వచ్చిన పరీక్షకుల ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. ఆమె గొంతు కాలేజీవాళ్లకు అలవాటే గాని కొత్తవాళ్లకు మాటలు స్పష్టంగా తెలియవు. అందుకని వదిన ఇరువైపులా టైపు చేస్తానంది. వాళ్ల ప్రశ్నలు ఆమె కోసం, ఆమె జవాబులు వాళ్ల కోసం, అంతా గోడ మీది పెద్ద తెర మీద పడాలి. కోడలు పనిచేయడం తనెప్పుడూ చూడలేదని మా అమ్మ పట్టుబడితే, ఆ రోజు నేను షాపుకు సెలవు పెట్టి ఆమెను తీసుకెళ్లాను.

బొమ్మలు చూపించడానికి హాల్లో దీపాలు ఆర్పేశారు. చీకట్లో సన్న కీబోర్డు మీటల కింద వెలుగు మాత్రం కనబడుతోంది, దాని మీద వదిన వేళ్లు నీడల్లా కదులుతున్నాయి. ఆ అమ్మాయి మాట్లాడుతుంటే ఆ మాటలు తెర మీద వరసగా పడుతున్నాయి. మొదట పరీక్షకులు ఆ అమ్మాయి వైపు, తెర వైపు మార్చి మార్చి చూశారు. కాసేపటికి రెండూ ఒకటే అన్నట్టు వినసాగారు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. వచ్చినవాళ్లలో ఒకాయన మాటలు నోట్లోనే నమిలేస్తారు. ఇంకొకావిడ ఆయన ప్రశ్న అయిపోకముందే తన ప్రశ్న మొదలుపెడుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడినప్పుడు వదిన ఎవరి మాట ఎవరిదో విడదీసి, కింద పైన పెట్టింది. ఒకచోట మాత్రం టైపు చేయడం ఆపి చెయ్యెత్తింది. మీ మాట నాకు సరిగా అందలేదు, మళ్లీ చెప్పండని అడిగింది. ఆయన గొంతు సవరించుకుని, మొదటిసారిగా నోరు తెరిచి మాట్లాడారు.

వెనక వరసలోంచి ఒక లెక్చరర్ రాళ్ల మాస్టారినే ఏదో అడిగారు. మాస్టారు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన వెనక్కి తిరగలేదు, తెర వైపు చూసి, అక్షరాలు పూర్తయ్యేదాకా ఆగి, జవాబు చెప్పారు. ఇంకో ప్రశ్న వచ్చింది. మళ్లీ అలాగే చేశారు. పక్కనున్న ప్రిన్సిపాల్ ఆయన్ను వింతగా చూశారు. మాస్టారు ఆ చూపు గమనించారు. కాస్త ఆగి, లేచి నిలబడ్డారు.

"నాకు కూడా సరిగా వినపడదండీ," అన్నారు ఆయన. "ఏడాదిగా ఈ అమ్మాయి బల్ల వెనక నిలబడి, ఆమెతో పాటు నేనూ ఆ అక్షరాలే చదువుకుంటున్నాను. వెనక బెంచీ పిల్లలు ఏం అడుగుతున్నారో నాకు ఇప్పుడే తెలుస్తోంది."

ఆ మాటలు కూడా తెర మీద పడ్డాయి, ఎందుకంటే వదిన చేతులు ఆగలేదు. ఆ అమ్మాయి చదివి మాస్టారి వైపు తిరిగింది. ఏడాదిగా ఇద్దరూ ఒకే గదిలో ఒకే తెర చదువుతున్నారని ఆమెకూ అప్పుడే తెలిసింది. తన ముందున్న చిన్న తెరను ఆయనకు కూడా కనబడేలా పక్కకు జరిపింది. మా అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆమె ఏడ్చిందని నేనంటాను, చీకట్లో ఎలా చూశావని ఆమె అంటుంది.

ఆ అమ్మాయి మంచి మార్కులతో నెగ్గింది. తర్వాత సెలవులొచ్చాయి, వదిన స్క్రూల బాబాయ్‌కి ఇచ్చిన మాట ప్రకారం షాపుకు వెళ్లింది. మా అమ్మ కూడా బయల్దేరింది. ఆటల సంగతి కోడలికేం తెలుసని ఆమె వాదన. వీడియోలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వదిన చెప్పినదంతా నాకు గుర్తుంది. ఇది మొదటి వారం మీకు నచ్చదు, నాకూ నచ్చలేదు, వేళ్లకు టైమివ్వండి అంది. చేయి వంచకుండా పని చేసుకోవచ్చు, పక్కవాళ్ల చెవులు బతికిపోతాయి, సంచిలో ఉందన్న సంగతే గుర్తుండదు అంది. తర్వాత లోపాలకు వచ్చింది. కింది వరస ఇరుకు, స్పేస్ మీట ఒక మూల లొటలొటలాడుతుంది, జనంలో వైరు లేకుండా నమ్ముకోవద్దు, మీటల మీది వెలుగు ఇంగ్లీషు అక్షరాలకే గాని తెలుగు చూసి కొట్టేవాళ్లకు పనికిరాదు. మెత్తగా, లోతుగా దిగే మీటలు ఇష్టపడేవాళ్లు వేరేది కొనుక్కోండి అంది.

మా అమ్మ ఆట సంగతి చెప్పింది. మూడు మీటలు ఒకేసారి నొక్కినా ఇది తికమక పడదు, ముసలి వేళ్లకు శ్రమ లేదు, కాకపోతే బాణం గుర్తుల మీటలు మరీ ఇరికించేశారు, ఎవరి వేళ్లు కొలిచి చేశారో అంది. బాబాయ్ లోపాల ముక్క కొంచెం కత్తిరిద్దామా అని మొహమాటంగా అడిగాడు. వదిన ఆయన వైపు చూసి ఊరుకుంది. ఆయన అంతా ఉన్నదున్నట్టే పెట్టేశాడు. తర్వాత ఆయనే మా ఇంటికొచ్చి చెప్పాడు, కొనడానికి వస్తున్నవాళ్లు ముందే అన్నీ తెలుసుకుని వస్తున్నారట, తిరిగి తెచ్చిచ్చేవాళ్లు తగ్గారట. ఆ అత్తాకోడళ్ల కీబోర్డు ఇవ్వండి అని అడుగుతున్నారట.

వదిన ఆ కీబోర్డును తిరిగివ్వకుండా కొనేసింది గాని, ఇంట్లో ఒక్కదానితో ఇద్దరికి కుదరలేదు. వదిన ఆలస్యంగా వచ్చిన రోజు మా అమ్మ జట్టువాళ్లు సిస్టర్ ఏదని కలవరపడుతున్నారు. అన్నయ్య ఇంకోటి తెచ్చాడు. రెండూ అచ్చం ఒకేలా ఉంటాయని మా అమ్మ తనదాని మీద గోళ్లరంగుతో ఎర్రటి చుక్క పెట్టుకుంది.

మణికట్టు నొప్పి మాయమైందని అబద్ధం చెప్పను. పని ఎక్కువైన రోజు ఇప్పటికీ లాగుతుంది. కానీ రాసుకునే మందు నేను తెచ్చి పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. కాలేజీలో ఇప్పుడు వినికిడి లేని పిల్లలు ఇంకా చేరారు. వదిన కొత్తవాళ్లకు ఈ పని నేర్పుతోంది. వాళ్లలో ఒకామె ఎత్తు కీబోర్డే బాగుందంటే, సరే, నీ చేతికి అదే హాయి అయితే అదే వాడు, కాకపోతే మాస్టారికి దూరంగా కూర్చో అని చెప్పింది.

ఆ అమ్మాయి ఇప్పుడు పై చదువు చదువుతూ, అదే మాస్టారికి సాయం చేస్తోంది. ఈ మధ్య విద్యార్థుల్ని కొండల్లోకి తీసుకెళ్లి పాఠం చెప్పారు. వదిన కూడా వెళ్లింది. అక్కడ బల్ల లేదు, కుర్చీ లేదు. ఒక బండ మీద కూర్చుని, సన్న కీబోర్డు ఒళ్లో పెట్టుకుని, మాస్టారు చేత్తో చూపించే రాతి పొరల గురించి టైపు చేసింది. మాస్టారు ఒకచోట మాట్లాడటం ఆపి కొండ వైపు చూస్తూ నిలబడిపోయారు. పిల్లలు కూడా ఏమీ మాట్లాడలేదు. తెర ఖాళీగా ఉంటే ఏమైందోనని ఆ అమ్మాయి కంగారు పడుతుందని, వదిన "గాలి వీస్తున్న శబ్దం" అని కొట్టింది.

ఆ అమ్మాయి చదివి, ముఖం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుంది.

"అది నాకూ తెలుస్తోందక్కా," అంది. "కాసేపు చేతులకు రెస్టివ్వు."